జారిన స్వరం

మధ్యాహ్నం మూడింటికే దీపాలు వేసుకున్నారు టాంపెరేలో.
నవంబరు కదా.
అప్పటికి నేను పియానో కడుపులో తల దూర్చి మూడు గంటలైంది.
రెండువందల ముప్పై తీగలు.
ఒక్కొక్కదాన్నీ పిలిచి, బతిమాలి, చెవి మెలిపెట్టి
దాని చోట దాన్ని కూర్చోబెట్టి లేచాను,
ఒక్క స్వరం తప్ప.
నడిమి సప్తకం దాటాక వచ్చే ఆ ఎఫ్ షార్ప్
పదకొండేళ్ళుగా నాకు తెలుసు.
దాని మేకులు పట్టిన చెక్క వదులైపోయింది.
కూర్చున్నట్టే కూర్చుంటుంది,
నేను వీపు తిప్పగానే గోరంత కిందికి జారుతుంది.

పాత నూలు మిల్లు అది.
మగ్గాలు ఎప్పుడో పోయాయి, ఇటుకల మీద నూనె మరకలు పోలేదు.
కిటికీ కింద ఏటి ఉరవడి,
ఎవరూ ఆపలేని తంబురా.

సాయంత్రం ఏడుగురు వచ్చారు.
ట్రాంబోన్ ఓస్మో పగలు ట్రామ్ నడుపుతాడు,
యూనిఫాం చొక్కా మీదే స్వెటర్ తొడుక్కున్నాడు.
డ్రమ్స్ దగ్గర కాయిసా, బూట్లు విడిచి, ఉన్ని మేజోళ్ళతో.
పియానో పిల్ల వెన్లా నన్ను తలూపి పలకరించి
నేను చూస్తుండగానే తీగల మధ్య
నాలుగు మరలూ రెండు బట్టల క్లిప్పులూ ఒక రబ్బరు ముక్కా దూర్చింది.
అప్పుడే తుడిచిన నేల మీద బురద బూట్లతో నడిచినట్టయింది.
టిక్కెట్టు కొనలేదు కనుక ఊరుకున్నాను.

స్వరాలు రాసింది ఐలీ, శాక్సఫోన్ ఆవిడ.
మొదలుకాక ముందే ఆమె కాగితాల్లోకి తొంగి చూశాను.
మూడు పేజీల నిండా చీమల బార్లు.
నాలుగో పేజీలో గీతలు ఉన్నట్టుండి ఆగిపోయి
పెన్సిల్‌తో ఒక మాట:
"ఇక్కణ్నించి దారి లేదు. నడవండి."
అయిదో పేజీలో మళ్ళీ గీతలు, ఏమీ జరగనట్టు.

మొదటి మూడూ నాకు బోధపడ్డాయి.
లెక్క ఉంది, తాళం ఉంది,
అల్లిక కుట్టు తప్పకుండా సాగింది.
తర్వాత గట్టు తెగింది.
కాయిసా ఇత్తడి పళ్ళేన్ని విల్లుతో కోసింది.
ఓస్మో గొట్టంలోకి ఊదలేదు, గుసగుసలాడాడు.
బాస్ ముసలాయన తీగల్ని వదిలేసి చెక్కను నిమురుతున్నాడు,
బెదిరిన గుర్రాన్ని నిమిరినట్టు.
ముందు వరసలో ఒకాయన కోటు వేసుకుని వెళ్ళిపోయాడు.
పద్దెనిమిది మందిమి పదిహేడయ్యాం.

అప్పుడు జారింది అది.
ఎవరికీ తెలియదనుకున్నాను.
నాకు మాత్రం పంటి కింద రాయి.
తల దించుకున్నాను.
వెన్లా వేలు ఆగింది.
విన్నది.
దాటిపోతుందనుకున్నా, మళ్ళీ అదే మెట్టు నొక్కింది.
మళ్ళీ.
ఇంకోసారి, ఎంతో మెల్లగా,
పేరు అడిగినట్టు.

ముసలాయన వేలు బాస్ మీద
వెంట్రుకవాసి కిందికి జరిగి దాని పక్కన నిలబడింది.
ఓస్మో గొట్టం లాగాడు. మెట్లు లేని వాద్యం కదా,
స్టాపు లేని చోట ఎవరో చెయ్యెత్తితే
ట్రామ్ ఆపినట్టు ఆపాడు.
ఐలీ పెదవి వదులు చేసి చివర్న చేరింది.
ఏ కాగితంలోనూ లేని,
నా శ్రుతిదండం ఒప్పుకోని ఆ స్వరం మీద
ఏడుగురూ కాసేపు కాపురం పెట్టారు.
కింద ఏరు కూడా అదే పాడుతున్నట్టు అనిపించింది.
అబద్ధం కావచ్చు. ఏరు మనం ఏది వింటే అది పాడుతుంది.

ఐలీ కనుబొమ ఎత్తింది.
అయిదో పేజీ.
ఒక్కరూ లెక్కపెట్టలేదు, ఒక్కరూ వెనకబడలేదు.

మర్నాడు మళ్ళీ వెళ్ళాను.
మరలన్నీ కాఫీ కప్పులో వేసి ఉంచింది పిల్ల,
క్లిప్పు ఒకటి మరిచిపోయింది.
మూత ఎత్తి ఆ మెట్టు నొక్కాను.
ఇంకా అక్కడే ఉంది, రాత్రి నిలబడ్డ చోటే.
తాళంచెవి మేకుకు తగిలించి చాలాసేపు కూర్చున్నాను.
తరవాత తిప్పాను.
ఆదివారం బడిపిల్లల కచేరీ ఉంది.
పైకి వస్తూ వస్తూ అది
దాటిన ప్రతి చోటా
ఆగి విన్నాను.